చాందిని ముందు నేలమీది తొట్టి

నేను ఒక మేత తొట్టిని. గుర్రం ముందు నేలమీద ఉంటాను. అంతకుముందు లారీకి వెనక చక్రం టైరుని. ఎవరినీ తొందరగా నమ్మను. ఈ గుణం నాకు రోడ్డు నేర్పింది. పంక్చరు షాపుకి కాస్త ముందే మేకులు ఎందుకు గుచ్చుకుంటాయో మీరెప్పుడైనా ఆలోచించారా? నాలుగుసార్లు గుచ్చుకున్నాక నేను ఆలోచించాను.

అరిగిపోయాక నన్ను పాత టైర్ల కొట్టు ముందు పడేశారు. అక్కడ ఒక ముసలాయన కత్తిని నీళ్లలో ముంచుకుంటూ నా అంచుల్లో ఉన్న తీగ చుట్టల్ని కోసి పారేశాడు. మోకాలు ఆనించి, పళ్లు బిగించి, నా లోపలి వైపుని బయటికి తిరగేశాడు. అడుగున రబ్బరు బిళ్ల పెట్టి నైలాను తాడుతో కుట్టాడు. "ఇనప ముక్క ఒక్కటి నేదు. గుర్రం మూతెట్టినా, కాలెట్టినా బయం నేదు" అన్నాడు. అమ్ముకునేవాడి మాట కదా, నాకే నమ్మకం కుదరలేదు.

నన్ను కొన్నవాడు గౌరీసు. విశాఖ బీచిలో పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పుతాడు. ఆ గుర్రం పేరు చాందిని, ఆరేళ్ల తెల్ల ఆడగుర్రం. బీచి వెనక సందులో రేకుల పాకలో దాన్ని కట్టేస్తారు. పాకలో నేలంతా ఇసకే. గోడకి, గుర్రం తలకన్నా ఎత్తున, ఇనప చువ్వల బుట్ట ఒకటి వేలాడుతోంది. చాందిని మెడ పైకి సాచి అందులోంచి ఎండుగడ్డి లాక్కుని తినేది. తిన్నంతసేపూ దగ్గేది. కళ్లవెంట నీళ్లు కారేవి.

నేను వచ్చిన రోజే పశువుల డాక్టరు ప్రమీలమ్మ వచ్చింది. గుర్రం పక్కటెముకల మీద గొట్టం ఆనించి విని, బుట్టకేసి చూసింది.

"గడ్డి దుమ్మంతా దీని ముక్కులోనే రాలుతోంది గౌరీసూ. గుర్రం తల వంచి మేసే జంతువు. ఆ బుట్ట తీసెయ్. ఈ తొట్టిలో, నేలమీద, తడిపి పెట్టు. నెల తర్వాత వస్తాను. అప్పటికీ దగ్గుతుంటే బీచికి తోలడానికి కాగితం రాయను."

"అలగే డాట్రమ్మా" అన్నాడు గౌరీసు. అన్నాడే గాని, నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

ఆ మర్నాడు ఒక బ్రోకరు వచ్చి చాందిని పళ్లు చూశాడు, కాళ్లు తడిమాడు. కాగితం రాకపోతే వ్యాను తెచ్చుకుని తోలుకుపోతానన్నాడు. ఎక్కడికని గౌరీసు భార్య నూకాలు అడిగితే పళ్లికిలించాడు గాని చెప్పలేదు. అరిగిన టైరుని లారీ ఓనరు ఎలా చూస్తాడో నాకు తెలుసు. ఆ చూపే అది. నాకు నిజంగా భయం వేసింది.

రెండు వారాలు గడిచాయి. రేపు తీస్తా, ఎల్లుండి తీస్తా అంటూ గౌరీసు ఖాళీ బుట్టని గోడకే ఉంచేశాడు. చాందిని నాలో మూతి పెట్టి, తడి గడ్డిని హాయిగా నములుతోంది. అప్పుడప్పుడు ముందు కాలు కూడా పెడుతోంది, పోనీ. కానీ దగ్గు తగ్గలేదు. తప్పు నామీదికి వచ్చింది. "రబ్బరు కంపుకే దగ్గుతంది" అన్నాడు గౌరీసు. ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అసలు సంగతి చూసినదాన్ని నేనొక్కదాన్నే.

రోజూ తెల్లారగట్ల నూకాలు పల్లీలు ఉడకబెట్టుకునే వేళకి గౌరీసు పాకలోకి వచ్చేవాడు. నాలో తడి గడ్డి వేసేవాడు. తర్వాత గుమ్మం వైపు ఓసారి చూసి, పొడి గడ్డి తెచ్చి పై బుట్టలో కుక్కేవాడు. చాందిని మొదట అదే లాక్కునేది. దుమ్ము రాలేది, దగ్గేది. ఇంత ప్రేమగా ఒళ్లు నిమిరే మనిషి డాక్టరు మాట దాటి ఈ దొంగపని ఎందుకు చేస్తున్నట్టు? బ్రోకరుతో కలిసిపోయాడా? అలాగే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అనుమానం నూకాలుకీ వచ్చింది. గడ్డి మోపులు అయిపోవాల్సినదానికన్నా ముందే అయిపోతున్నాయి. మొగుడు ఎవరికో గడ్డి ఇచ్చేస్తున్నాడనుకుని, ఒక తెల్లవారుజామున పల్లీల తపేలా దించేసి వెనకే వచ్చింది. గౌరీసు చేతులు బుట్టలోనే ఉన్నాయి.

"ఏటి మావా ఇది? డాట్రమ్మ కిందెట్టమంటే నువ్వు మీదెడతన్నావేటి?"

గౌరీసు చేతులు దించలేదు. "కిందెడితే ఏటవుద్దో నీకు తెల్దా? బాద్‌షా కడుపునిండా ఇసకే గదే. ఈ సేతుల్తోనే నేల మీద గడ్డెట్టినాను. ఈ సేతుల్తోనే గొయ్యి తవ్వినాను. కింద మేతే తిని ఇదీ పడిపోతే? మీద కడుపు నింపుకుంటే కిందది తక్కువ తింటాదని..."

బాద్‌షా అంటే చాందినికి ముందున్న గుర్రమని నాకప్పుడు తెలిసింది. ఇసకలో వేసిన గడ్డితో పాటు ఇసక కూడా మింగి, కడుపునొప్పితో రెండు రోజులు పొర్లి చచ్చిపోయిందట. ఆ తర్వాతే ఆ బుట్ట గోడకెక్కింది.

నూకాలు నా పక్కన వంగి కూర్చుంది. తర్వాత మెల్లగా అంది. "అప్పుడు వొట్టి ఇసకలో ఎట్టినావు మావా. దీనికి అడుగుంది. సెయ్యెట్టి సూడు."

గౌరీసు గడ్డి పక్కకి తోసి నా అడుగున చెయ్యి పెట్టాడు. కుట్టు వెంబడి చుట్టూ తడిమాడు. చెయ్యి పైకి తీసి వెలుతురులో చూసుకున్నాడు. గడ్డి పరకలూ తడీ తప్ప ఇంకేమీ లేవు. అక్కడే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చాందిని వచ్చి అతని భుజం మీది తువ్వాలు నమలడం మొదలుపెట్టింది.

ఆ పొద్దునే బుట్ట ఊడదీశారు. పాత ఇనుం వాడు పట్టుకుపోయాడు.

మూడో వారం దాటేసరికి దగ్గు తగ్గుముఖం పట్టింది. చెప్పిన రోజుకి ప్రమీలమ్మ వచ్చి, గొట్టం ఆనించి, చాలాసేపు విని, కాగితం రాసింది. బ్రోకరు వ్యాను సందు చివరిదాకా వచ్చి వెనక్కి తిరిగింది. మళ్లీ రాడని నేను నమ్మను, అది వేరే సంగతి.

ఇప్పటికీ చాందినిని బీచికి తోలుకెళ్లేముందు గౌరీసు నా అడుగున చెయ్యి పెట్టి తడుముతాడు. మొదట్లో రోషం వచ్చేది, ఇంకా నన్ను నమ్మడం లేదని. మొన్న గాలికి ఎగిరొచ్చిన ఇసక నాలుగు రేణువులు వేళ్లకి తగిలాయి. తువ్వాలుతో నన్ను మూడుసార్లు తుడిచాడు. ఆ చెయ్యి బాద్‌షా కోసం వస్తోందని అప్పుడు అర్థమైంది.

అప్పటినుంచీ నేనేమీ అనుకోను. పొద్దున్నే ఆ చెయ్యి రావడం కాస్త ఆలస్యమైతే మాత్రం నాకు అనుమానం మొదలవుతుంది, గౌరీసుకి ఏమైనా అయిందేమోనని.