గుండీల జట్టు

మా వదిన నర్సరీకి ముందు షట్టర్ మూసే ఉంటుంది. పిల్లలు పెరటి తలుపులోంచి వెళ్తారు. లాక్‌డౌన్ ఊరందరికీ గానీ ఆవిడకు కాదు. మా ఆయనకు అక్క కాబట్టి మా ఇంట్లో ఆవిడ మాటకు తిరుగు లేదు. ఆ రోజుదాకా.

ఆ ఉదయం మా మూడేళ్ల చిచ్చుబుడ్డిని నర్సరీకి తీసుకుపోతానని వచ్చింది. నేను కుట్టుమిషన్ ముందున్నాను. గడప బయటే నిలబడి, మాస్కు గడ్డం కిందకి లాగి మొదలుపెట్టింది.

"తన ఈడు పిల్లలతో కలవకపోతే ఇది రేపు బడిలో మూల కూర్చుంటుంది. నా మాట విను."

"మామయ్యగారి ఊపిరితిత్తులు అసలే అంతంత మాత్రం, వదినా. ఇది అక్కడి నుంచి ఏం అంటించుకొస్తుందో!"

"నాన్నను మేడమీద గదిలో ఉంచండి. దీన్ని దగ్గరకి రానివ్వకండి. అంతేగా?"

అంతేనా! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తాతకూ మనవరాలికీ మధ్య తలుపేసి, పిల్లకు నలుగురితో కలవడం నేర్పుతుందట.

లోపల ఆ ఇద్దరూ నా గుండీల డబ్బా ముందేసుకుని, ఏ గుప్పిట్లో ఉందో చెప్పే ఆట ఆడుతున్నారు. మామగారు ఎర్ర గుండీని చొక్కా చేతిలోకి జార్చబోయి దొరికిపోయారు.

"దొంగాట! నీతో కటీఫ్!" అని పిల్ల వీపు తిప్పుకుంది. ఆయనా మూతి ముడిచి గోడవైపు తిరిగారు.

"చూశావా? ఉన్న ఒక్క మనిషితోనూ దీనికి పడదు," అంది వదిన.

"కాస్త ఆగండి," అన్నాను.

మామగారు గుండీని మెల్లగా నేలమీద దొర్లించారు. అది పిల్ల మోకాలికి తగిలి ఆగింది.

"ఇంకోసారి దొంగాట ఆడవుగా?"

"ఆడనే తల్లీ."

"అయితే జట్టు."

"పోట్లాడింది, అలిగింది, కలిసిపోయింది. మీ దగ్గర ఇంతకంటే ఏం నేర్చుకుంటుంది?" అన్నాను. "బళ్లు తెరిచాక దీని ఈడు పిల్లలు ఎక్కడికీ పోరు వదినా. మామయ్యగారు పోతే మళ్లీ వస్తారా? నేను పంపను."

"ఎంతమంది పిల్లల్ని చూశాను, నాకు చెబుతున్నావా!" అంటూ వదిన గడప లోపలికి కాలు పెట్టబోయింది.

చిచ్చుబుడ్డి చరచరా వచ్చి, చేతులు బార్లా చాపి అడ్డం నిలబడింది. "అత్తా, నువ్వు మాస్కు పెట్టుకోలేదు. నీతో కటీఫ్."

వదిన ముఖం ఎర్రబడింది. "చూడండి నాన్నా, దీని పొగరు!"

కూతురికి ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి ఆయన. ఎర్ర గుండీని గుప్పిట్లో బిగించి, లేచి మనవరాలి వెనక్కి వచ్చి నిలబడ్డారు.

"నేను దీని జట్టమ్మా," అన్నారు.