ఓడినందుకు కూడిక

తొందరపడింది సంపూర్ణే. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంకేమైనా ప్రకటనలున్నాయా అని పాస్టరుగారు అడిగితే, ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నిలబడి, "బుధవారం సాయంత్రం మా ఇంట్ల కృతజ్ఞతా కూడిక. అందరూ రావాలె" అంది.

చండ్రుగొండ సంఘంలో కూడికలు కొత్త కాదు. ఎవరింట్లో మంచి జరిగినా, ఉద్యోగం వచ్చినా, రోగం తగ్గి మనిషి దవాఖానా నుంచి ఇంటికొచ్చినా, సంఘాన్ని పిలిచి పాటలు పాడించి, ప్రార్థన చేయించి, కడుపునిండా అన్నం పెడతారు. అయితే అన్నానికి ముందు ఇంటివాళ్ళు లేచి, దేనికోసం దేవుడికి కృతజ్ఞత చెప్తున్నారో అందరికీ వినబడేట్టు చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు.

"దేని గురించమ్మా కూడిక?" అన్నారు జాషువా పాస్టరుగారు.

"మన దేశం ఆడపిల్లల బ్యాడ్మింటన్ టీముకు మెడల్ వస్తున్నందుకు అయ్యగారూ. ప్రపంచ పోటీలు నడుస్తున్నయ్ గద."

"వచ్చిందా, వస్తదా?"

"మంగళవారం క్వార్టర్ ఫైనల్ ఉంది. అది గెలిస్తే మెడల్ ఖాయం. చేతికి రాకముందే థాంక్స్ చెప్పుడే విశ్వాసమని ఇప్పుడే గద మీరు చెప్పిండ్రు."

చర్చి అంతా నవ్వింది. నిజంగానే ఆరోజు ఆయన ప్రసంగమంతా దాని మీదే. తన మాట తనకే అడ్డొచ్చాక ఇంకేమంటారు, "సరేనమ్మా, వస్తం" అన్నారు.

సంపూర్ణ ఊళ్ళోని ఆరోగ్య కేంద్రంలో నర్సు. డ్యూటీకి పోయే ముందు మార్కెట్ యార్డు షెడ్డులో పుష్పతో కలిసి షటిల్ ఆడుతుంది. పుష్పది పక్కనున్న తండా, బ్యాంకులో క్యాషియరు. పత్తి రాని నెలల్లో షెడ్డు ఖాళీగా ఉంటుంది గనుక ఇద్దరూ చెమటలు కారేదాకా ఆడి, ఆ తర్వాత ఆటకంటే ఎక్కువసేపు ఆట గురించి మాట్లాడుకుని విడిపోతారు. శనివారం మన టీం ఎవరూ ఊహించని విధంగా ఒక పెద్ద టీమును ఓడించింది. ఆ సంబరం సంపూర్ణకు ఆదివారానికి కూడా దిగలేదు. జరిగింది అంతే.

మంగళవారం మధ్యాహ్నం ఆమె సెలవు పెట్టి టీవీ ముందు కూర్చుంది. పక్కన పుష్ప. దివాన్ మీద అత్తగారు సుబ్బరత్నం. కుర్చీలో ఆడబిడ్డ భర్త అంతోనయ్య, కూడిక పనుల్లో సాయానికని ముదిగొండ నుంచి ఒకరోజు ముందే వచ్చినవాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు బాల్ బ్యాడ్మింటన్ ఆడి జిల్లా టీములో ఉన్నాడు. ఊలు బంతితో ఆడేదే ఆట అని, షటిలంటే ఈకలాట అని ఆయన నమ్మకం. అయినా ఒక్క మ్యాచ్ వదలడు.

అయిదు ఆటల పోటీ. నాలుగు అయ్యేసరికి రెండూ రెండూ సమానం. ఆఖరి ఆటకు టీములో అందరికన్నా చిన్నపిల్ల దిగింది. చివరి గేములో పందొమ్మిది పదహారు దాకా తీసుకుపోయింది. ఇంకో రెండు పాయింట్లు చాలు. అక్కడి నుంచి అవతలి అమ్మాయి పట్టుకుంది. అవతలి అమ్మాయి ఇరవై ఒకటి ఇరవైతో ముందున్నప్పుడు మనపిల్ల గాల్లోకి లేచి పక్కగీత మీదకు బలంగా కొట్టింది. షటిల్ గీతకు బొటనవేలంత అవతల పడింది.

పిల్ల అక్కడే కోర్టులో కూర్చుని టవల్ మొహం మీద కప్పుకుంది.

టీవీ ముందు అత్తగారే మాట మొదలుపెట్టింది. "ఆ పొడుగుదాన్ని చూస్తేనే నాకు అనుమానం కొట్టింది. చేతులేంది, గడ్డపారల్లాగ."

"చేతుల తప్పేం లేదత్తమ్మా" అన్నాడు అంతోనయ్య. "చేతిలకొచ్చిన మ్యాచును మన పిల్లనే పారేసింది. గసొంటప్పుడు గీత మీదికి ఎవడు కొడతడు? నడుమ ఆడి, అవతలిది తప్పు చేసేదాక ఓపిక పట్టాలె."

"నడుమ ఆడితే అది ఊకుంటదా అన్నా?" పుష్ప అంది. "పందొమ్మిది నుంచి నడుమే ఆడింది గద. అందుకే అన్ని పాయింట్లు పోయినయ్."

"భయపడ్డది. ఒక్క మాటల చెప్పాలంటే అంతే."

"భయపడ్డోళ్ళు గీతకు కొట్టరు అన్నయ్యా" అంది సంపూర్ణ. అప్పటిదాకా ఆమె టీవీ వైపే చూస్తూ ఉంది. "భయపడ్డోళ్ళు నడుమనే కొడతరు. లోపల పడుంటే నువ్వే కుర్చీల నుంచి లేచి ఎగురుదువు."

"పడలే గద చెల్లె."

"పడలే. అవ్."

అంతోనయ్య కుర్చీలో ఇటు తిరిగాడు. "ఇంతకూ రేపు ఏంది సంగతి? గెలిస్తే కోడి అనుకున్నం. ఓడితే సాంబారా?"

పుష్పకు నవ్వొచ్చి ఆపుకుంది. సంపూర్ణ లేచి వంటింట్లోకి పోయింది.

భర్త షాలేమ్‌రాజు కరెంటాఫీసు నుంచి వచ్చేసరికే మొహం మాడ్చుకుని ఉన్నాడు. ఆఫీసులో ఒకటే నవ్వులట. "మీ ఇంట్ల రేపు కూడికనా, సంతాప సభనా అని అడుగుతుండ్రు" అన్నాడు చెప్పులు విడుస్తూనే. కాళ్ళు కడుక్కుని వచ్చాక, దారంతా ఆలోచించుకొచ్చిన ఉపాయం చెప్పాడు. "దీవెన పుట్టినరోజు వచ్చే ఆదివారం గద. దాన్నే ముందుకు జరుపుదం. పుట్టినరోజు కూడిక అని అయ్యగారికి ఫోన్ చేస్త. కూర అదే, అన్నం అదే. ఎవ్వరూ అడగరు."

"మంచి మాట" అన్నాడు అంతోనయ్య.

"పుట్టినరోజుకైతే కేకు కూడా కోయొచ్చు" అంది అత్తగారు.

అందరికీ నచ్చింది. నిజానికి సంపూర్ణకు కూడా ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చినట్టే అయింది. తలుపు దగ్గర కూతురు దీవెన నిలబడి ఉంది. తొమ్మిదో తరగతి. తల్లి ఏమంటుందా అని చూస్తోంది.

ఆరోజు పొద్దున జరిగిన సంగతి ఒకటి సంపూర్ణ ఎవరికీ చెప్పలేదు. దీవెన స్కూలు పీఈటీ సారు కాలికి దెబ్బ తగిలి కట్టు కట్టించుకోను వచ్చాడు. కట్టు కడుతుంటే, "మొన్న కొత్తగూడెంల జోనల్స్ షటిల్ పోటీలల్ల దీవెన మంచిగనే ఆడింది మేడం. ఫస్ట్ రౌండ్లనే పోయింది గానీ" అన్నాడు. సంపూర్ణ చేయి ఒక్కసారి ఆగి మళ్ళీ కట్టు చుట్టింది. దీవెన ఇంట్లో చెప్పిందేమంటే, వాన పడి ఆటలు వాయిదా పడ్డాయని. ఆ పోటీల రోజు సాయంత్రం నానమ్మ పెట్టిన పకోడీలు తింటూ, ఏ తడబాటూ లేకుండా చెప్పింది.

పిల్లకు ఈ విద్య ఎవరు నేర్పారని వెతకనక్కర్లేదు. సంపూర్ణ నర్సింగులో మొదటి ఏడు తప్పినప్పుడు, వాళ్ళ నాన్న మధిర బంధువులందరికీ పిల్లకు కామెర్లు వచ్చి పరీక్ష రాయలేదని చెప్పాడు. చూడటానికి వచ్చినవాళ్ళ ముందు ఆమె పది రోజులు ఉప్పులేని పథ్యం తింది. లేని రోగానికి నాటుమందు కూడా తాగింది. తప్పిన సబ్జెక్టు మరుసటి ఏడే పాసయింది, కానీ ఆ నాటుమందు చేదు మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే నాలుక మీదికి వస్తుంది.

"మార్చను" అంది సంపూర్ణ.

"అంటే?" షాలేమ్‌రాజు అర్థం కానట్టు చూశాడు.

"కూడిక టీముకని చెప్పిన. టీముకే."

"ఓడిపోయింది గదనే."

"నాకు తెల్వదా? నేను చూళ్ళేదా?"

"ఓడినందుకు కూడిక పెట్టినోళ్ళను ఎక్కడన్న చూసినవా?"

"రేపు చూస్తవ్."

"నీ మొండితనంతోటి నేను ఊళ్ళె తలెత్తుకొని తిరగాల్నా వద్దా?"

"తలెత్తుకొనే తిరుగు. ఎవరింట్లనన్న దొంగతనం చేసినమా? దాని పుట్టినరోజు ఆదివారం. ఆదివారమే చేద్దం. ఒకదాని చాటున ఇంకోటి దాచేది నా ఇంట్ల వద్దు."

ఆఖరి మాట భర్తతో అన్నా, చూపు తలుపు వైపే ఉంది. దీవెన లోపలికి వెళ్ళిపోయింది.

బుధవారం మధ్యాహ్నానికే పుష్ప వచ్చి ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చుంది. తన దేవుడు వేరైనా, ఈ టీము తనది కూడా అని ఆమె లెక్క. బగారన్నం, కోడికూర, పెరుగు చట్నీ. అంతోనయ్య వెక్కిరింపు మానలేదు, పని కూడా మానలేదు. గుండిగ దింపేటప్పుడు కూడా "నడుమ పట్టుకో చెల్లె, గీత మీద పట్టుకుంటే జారిపోతది" అన్నాడు.

"నడుమ పట్టుకుంటే కాలుతది అన్నయ్యా" అంది సంపూర్ణ, అంచులు గట్టిగా పట్టుకుని.

సాయంత్రం జనం అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చారు. సగం మంది ఏం జరుగుతుందో చూద్దామని వచ్చినవాళ్ళే. "వందనాలక్కా" అని పలకరించి, పక్కకు తిరిగి నవ్వుకున్నారు. పాస్టరుగారు చెప్పులు విడిచి లోపలికి వస్తూ, మెల్లగా అడిగారు. "అమ్మా, కుటుంబ క్షేమం కొరకు అని ఒక మాట చెప్పి మొదలుపెడదమా? అందరికీ మర్యాదగా ఉంటది."

"ఎందుకు అయ్యగారూ, నేను చెప్తగా."

రెండు పాటలయ్యాక ఆమె లేచింది. చీర కొంగు తల మీదికి లాక్కుంది.

"ఆదివారం నేను తొందరపడ్డ. మెడల్ వస్తదని చెప్పిన. రాలే. అయినా కూడిక మాత్రం మార్చలే. ఎందుకంటే వాళ్ళు శనివారం గెలిచినప్పుడు ఎంత మంచిగ ఆడిండ్రో, నిన్న ఓడినప్పుడు కూడా అంతే మంచిగ ఆడిండ్రు. చిన్నపిల్ల, దేశమంతా చూస్తుంటే, పాయింట్ పోతే ఇంటికి పోవాలని తెలిసి కూడా గీత మీదికి కొట్టింది. అందుకు నేను దేవునికి వందనాలు చెప్తున్న."

అటుపక్క చాప మీద నుంచి అంతోనయ్య ఊరుకోలేకపోయాడు. "గీత మీదికి కొట్టినందుకే గద ఓడింది చెల్లె."

"ఏయ్, సాక్ష్యం చెప్తుంటే మధ్యల మాట్లాడతరా" అంది ఎవరో పెద్దామె.

"నడుమ కొడితే గెలిచేదా అన్నా?" పుష్ప అందుకుంది వంటింటి గడప దగ్గర నుంచి. "రెండు రోజుల నుంచి గదే అంటున్నవ్."

"కోచ్‌దే తప్పు" అన్నాడు వెనక నుంచి ఒక పిల్లవాడి తండ్రి. "గంత చిన్నదాన్ని ఆఖర్ల దించుడేంది?"

"డబుల్స్ ఒకటి పోకుంటే ఆఖరు దాకనే వచ్చేది కాదు" అన్నాడు ఇంకొకాయన. సంపూర్ణ ఆశ్చర్యపోయింది. నవ్వడానికి వచ్చినవాళ్ళందరూ మ్యాచ్ చూసినట్టున్నారు. మాట మీద మాట పెరిగింది. పాస్టరుగారు బైబిలు ఒళ్ళో పెట్టుకుని, ఆ రెండో డబుల్స్‌లో సర్వీసు తప్పని అంపైరు అన్యాయంగా అన్నాడని తన అభిప్రాయం కూడా చెప్పారు.

అంతోనయ్య ఓడిపోయే రకం కాదు. మంచినీళ్ళ గ్లాసులు పంచుతున్న దీవెనను ఆపి, "నువ్వు చెప్పరా బిడ్డా, నువ్వూ ఆడతవ్ గద. నీ జోనల్స్ వానకు వాయిదా పడకుంటే నువ్వైతే ఎక్కడ కొడ్దువు?" అన్నాడు.

దీవెన చేతిలో పళ్ళెం అట్లాగే ఉంది. తల్లి వైపు చూడలేదు.

"వాయిదా పడలే మామయ్యా" అంది. "ఓడిపోయిన. ఫస్ట్ రౌండ్లనే."

షాలేమ్‌రాజు తల ఎత్తాడు. సుబ్బరత్నం నోరు తెరిచింది. "వాన పడ్డదని నాకు చెప్పినవ్ గదే. పకోడీలు కూడ చేసి పెడితిని."

"అబద్ధం చెప్పిన నానమ్మా. నేను నడుమనే ఆడిన మామయ్యా, అన్ని షాట్లు. అవతలి పిల్ల ఎటంటే అటు కొట్టింది."

అంతోనయ్య గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాడు. "అయినా సరే," అన్నాడు తర్వాత, "నా లెక్క మారదు." అని ఇంకో గ్లాసు తీసుకున్నాడు.

కూర వాసన హాల్లోకి వస్తోంది, జనం కదులుతున్నారు. ఇక లాభం లేదని పాస్టరుగారు నిలబడి చేతులెత్తారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆయన ఇంటివాళ్ళ కోసం, పిల్లల కోసం ప్రార్థించి, టీము దగ్గరికొచ్చి గొంతు పెంచారు. "తండ్రీ, ఓటమి పాలైన ఆ బిడ్డలను దయతో చూడు. వారి బలహీనతలు తొలగించు. వచ్చేసారి తప్పక విజయము..."

"అయ్యగారూ."

ప్రార్థన మధ్యలో ఆయన్ని ఎవరూ ఎప్పుడూ ఆపలేదు. పాస్టరుగారు ఒక కన్ను తెరిచారు. తర్వాత రెండోది. షాలేమ్‌రాజు భార్య కొంగు పట్టుకుని కిందికి లాగాడు. ఆమె విడిపించుకుంది.

"గెలిపియ్యమని నేను అడగలే అయ్యగారూ" అంది సంపూర్ణ. "బలహీనత అని కూడా చెప్పలే. అది గద్దింపు ప్రార్థన లెక్క ఉంది. ఇది కృతజ్ఞతా కూడిక. ఆడినందుకు థాంక్స్ చెప్పుండ్రి చాలు. ఆ చిన్నపిల్లకు మొదలు."

పాస్టరుగారు ఆమె వైపు చూశారు. ఆమె చూపు దించలేదు. ఆయన చేతులు మళ్ళీ ఎత్తి, మొదటి నుంచి మొదలుపెట్టారు.

అందరూ మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. సంపూర్ణ మాత్రం ఈసారి మూసుకోలేదు. ఎక్కడైనా దారి తప్పితే మళ్ళీ ఆపాలి కదా.