కుడికి తిరగమంటే ఎడమకు తిరిగిన ఉస్తాద్

నేను ఒక డ్రిల్ బూటుని. కుడికాలిది. కాన్పూరులో తోలు కోసి, కుట్టి, మడమకు ఇనుప నాడా కొట్టి నన్ను తయారు చేశారు. నా పక్కనే ఎడమదీ పుట్టింది. మేమిద్దరం ఏనాడూ విడిగా లేము, అయినా ఏనాడూ కలిసి ఒక అడుగు వేయలేదు.

మొదట నన్నొక సుబేదారు తొడిగాడు. ఆయనకు నేను బిగువు. నేను కరిచినప్పుడల్లా ఆయన జవాన్లను కరిచేవాడు. మనుషుల కోపాల్లో సగం పాదాల దగ్గరే పుడతాయని నాకప్పుడే తెలిసింది.

తర్వాత హవల్దార్ గొర్లె సన్యాసిరావు కాలికి అమిరాను. శ్రీకాకుళం వైపు మనిషి. మంచూ ఇసుకా తొక్కి తొక్కి, చివరికి సొంత జిల్లాలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి ఎన్‌సీసీ డ్రిల్లు నేర్పడానికి వచ్చాడు. కల్నల్ గారు వచ్చి చూసి, నచ్చితేనే ఉంచుతారు. లేకపోతే మళ్లీ పటాలానికే.

భార్య నీలవేణి మొదటిరోజే గుమ్మంలో అడిగింది. "ఈపాలైనా ఉండిపోతావా, మల్లా పెట్టి సర్దీమంటావా?"

ఆయన వంగి నా లేసులు బిగించాడు.

"దాహినే ముడ్" అంటే కుడికి తిరగమని. పిల్లలకు ఎదురుగా నిలబడి అరిచాడు, తనూ కుడికి తిరిగాడు. వాళ్లు ఆయన్నే చూస్తూ అందరూ ఎడమకు తిరిగారు.

"అటు కాదమ్మా!"

"మీరెటు తిరిగితే అటే తిరిగినాం గదా ఉస్తాద్!" అంది పొన్నాడ హైమావతి. డ్రిల్లు నేర్పేవాణ్ని ఉస్తాద్ అనాలని వాళ్లకు ముందే చెప్పారు. "అలగ అరిస్తే గుండెలు జారిపోతన్నాయి, కుడేదో ఎడమేదో ఎలగ తెలుస్తాది?"

మర్నాటి నుంచి ఆయన నోటితో కుడి అని, తను ఎడమకు తిరగడం మొదలుపెట్టాడు. అద్దంలో బొమ్మల్లా పిల్లలు సరిగ్గా తిరిగారు. కుడికి తిరిగితే నా మడమ మీద తిరగాలి. ఆ పెత్తనం కాస్తా ఎడమదానికి పోయింది. నాకు ఒళ్లు మండింది.

కొన్నాళ్లకు, "నన్ను సూడకండి. మాట ఇనండి, సాలు" అన్నాడు. కళ్లు మూయించి తిప్పాడు. వాళ్లకు వచ్చేసింది. ఆయనకే ఎడమ అలవాటైపోయింది.

ఒకరోజు కల్నల్ గారు తనిఖీకి వచ్చారు. గుంటూరు వైపు మనిషి. "నువ్వు కూడా వాళ్ల వరసలోనే కుడి చివర నిలబడవయ్యా, కమాండ్ నేనిస్తా" అన్నారు.

"దాహినే ముడ్!"

నేను కుడికే తిరగాలని చూశాను. కాలు వినలేదు. పిల్లలందరూ కుడికి, ఉస్తాద్ ఒక్కడూ ఎడమకు. డ్రిల్లులో ఒకసారి తిరిగాక, మరో కమాండ్ వచ్చేదాకా కదలకూడదు. ఆయన ఆ తప్పులోనే నిటారుగా నిలబడ్డాడు. వరసలో ఆయన పక్కనే ఉన్న హైమావతికి ఆయన ముఖం ఎదురైంది. ఆ పిల్ల గడ్డం వణికింది, కళ్లు మాత్రం పక్కకు పోలేదు.

కల్నల్ గారు నింపాదిగా చుట్టూ తిరిగి వచ్చారు. "నువ్వొక్కడివే ఎటు బయల్దేరావయ్యా?"

"తప్పయిపోనాది సార్." చెమట నా దాకా కారింది.

"నీ తప్పు సంగతి సరే. కళ్లెదురుగా నువ్వు తప్పు తిరిగినా, ఒక్క పిల్లన్నా నీ వెంట తిరిగిందా? ఇంతకన్నా ఇంకేం నేర్పుతావు? ఉండు ఇక్కడే."

ఆయన జీపెక్కి వెళ్లిపోయారు. ఇక కమాండ్ ఇవ్వాల్సింది ఉస్తాదే. ఆయన ఇంకా ఎడమకే తిరిగి నిలబడి ఉన్నాడు. ఎండలో పిల్లలు రాళ్లలా నిలబడే ఉన్నారు.

"సెప్పండి ఉస్తాద్" అంది హైమావతి, పెదవులు కదపకుండా. "మీరు సెప్పకపోతే మేం కదల్లేం గదా."

"విశ్రామ్" అన్నాడాయన, మెల్లగా, ఇంట్లో మాట్లాడినట్టు.

విశ్రామ్‌కు, అంటే కాళ్లు ఎడం చేసి సులువుగా నిలబడడానికి, జరిగేది ఎడమకాలు. నేను ఉన్నచోటే ఉండిపోయాను.