సీటులో మెడ లేని బండి

ఈశ్వరికి కోపమొస్తే ఆ వీధికి ఎండ అక్కర్లేదు. రొద్దం పక్క పల్లెలో ఆమె మొగుడు తిమ్మప్ప మీద కేకలు మొదలుపెట్టగానే ఆడవాళ్లు పిండి గిన్నెలతో వచ్చి, ఆమె అరుగు మీద బట్ట పరిచి వడియాలు పెట్టేవాళ్లు. గంటలో గలగలలాడేవి. "ఇంకో నాలుగు మాటలను ఈశ్వరీ, నడుమ పచ్చిగుండాయి" అని పక్కింటి ఈరక్క అడిగేది. చలికాలంలో తిమ్మప్ప కావాలనే ఒక తిట్టు ఎక్కువ తినేవాడు.

ఉలవ కోతలయ్యాక కట్టెను, కాయలతో ఉన్న ఆ ఎండు మొక్కలను, పెనుకొండ రోడ్డు మీద పరవడం అక్కడి పద్ధతి. బస్సులు, లారీలు తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి. ఈ ఏడు ఆ రోడ్డు మీదికి ఒక బెంగళూరు కంపెనీ డ్రైవర్ లేని కార్లను పరీక్షకు పంపింది. అవి తాగవు, నిద్రపోవు, మేకపిల్ల అడ్డమొచ్చినా ఆగుతాయి. తాగుబోతు డ్రైవర్ల వల్ల పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు వాటిని చూసి దండం పెట్టారు. చిక్కల్లా ఉలవ కట్టె దగ్గరే. అది కనబడితే చాలు, కారు నిలబడిపోయేది. దాని వెనక బస్సు, బస్సు వెనక లారీ.

రైతులంతా పోయి కంపెనీ ఇంజనీరు ప్రేమ్ కుమార్‌ను కలిశారు. ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టినవాడు, మన మాట వింటాడని. అందరికంటే గట్టిగా అడిగింది తిమ్మప్పే.

"మీ కారుకు చెప్పప్పా, కట్టె మీద పోతే పాపం లేదని."

వారం తిరక్కుండానే కార్లు ఆగడం మానేశాయి.

ఆ మర్నాడు మధ్యాహ్నం తిమ్మప్ప కట్టె తిరగేసి, అలిసి, ఎండ తగలకుండా మీద కట్టె కప్పుకుని అక్కడే నడుం వాల్చాడు. ఏటా వాల్చేవాడే. కట్టె ఉబ్బెత్తుగా ఉంటే కింద మనిషి ఉంటాడని బస్సు డ్రైవర్లకు తెలుసు, హారన్ కొట్టి పక్కనుంచి పోయేవాళ్లు. కారుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఈశ్వరి పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. కారు పది గజాల అవతల బుద్ధిగా నిలబడి ఉంది. తలుపు లాగి, కాలర్ పట్టుకుని బయటికి ఈడుద్దామంటే సీటులో మెడే లేదు.

ఎస్‌ఐ వచ్చాడు, ప్రేమ్ కుమార్ వచ్చాడు, కారును బెంగళూరుకు ఎత్తుకుపోవడానికి లారీ కూడా వచ్చింది. జరిగిందంతా ఆ కారులోనే రికార్డయి ఉంది. అది పోతే కేసూ పోయినట్టే.

"డ్రైవర్ పేరు లేకుండా ఎవరి మీద రాసేదమ్మా?" అన్నాడు ఎస్‌ఐ.

"మనిషి సచ్చిపాయ. సంపినోడు మాత్రం యాడా లేడా?"

లేడట. ఏం కాలమిది! మేకను కోసినా కోసినవాడి పేరు ఊరికి తెలుస్తుంది.

ఈశ్వరి వెళ్లి కారు ముందు తారు మీద కూర్చుంది. ఈరక్క పిల్లల్ని దూరం తీసుకుపోయింది. ఆ రోజు ఎవరూ వడియాలు తేలేదు. తారు మెత్తబడింది, ఉడికింది, నాలుగు చక్రాలూ సగానికి దిగబడ్డాయి. లారీ గొలుసు వేసి లాగితే గొలుసు తెగింది. కారుకు బాధ్యులెవరని ఎస్‌ఐ బెంగళూరుకు ఫోన్లు చేస్తే ఒక్కొక్కరూ అది మా పని కాదన్నారు.

ప్రేమ్ కుమార్ బూట్లు తారులో అతుక్కుపోయాయి. కట్టెలోంచి బయటికి కనబడుతున్న తిమ్మప్ప పాదాలనే చూస్తూ నిలబడ్డాడు. చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది, ఏమీ మాట్లాడొద్దని కంపెనీవాళ్లు చెప్పడానికి.

"నేనేక్కా" అన్నాడు చివరికి. "కట్టె కింద మనిషుంటే ఎట్లని నాకు అనుమానమొచ్చింది. పైవాళ్లు తొందరపెట్టినారు. అది చూడకుండానే, కట్టె కనబడితే ఆగొద్దని కారు ప్రోగ్రాంలోకి ఎక్కించేసినా."

ఈశ్వరి లేచింది. చక్రాల చుట్టూ తారు రాయిలా బిగుసుకుంది.

"నాకెందుకు చెప్తావప్పా? పోలీసాయనకు చెప్పు. మీ నాయన పేరుతో సహా చెప్పు. ఆ పైవాళ్ల పేర్లు గూడా."

ప్రేమ్ కుమార్ ఫోన్ ఆపేసి, ఒక్కొక్క పేరే చెప్పసాగాడు. కాగితం చాలక ఎస్‌ఐ ఇంకోటి అడిగాడు.