ఏడో నంబరు బస్సు దారి తప్పిన సాయంత్రం

ఆ శనివారం పొద్దున్నే డ్రైవరు తన డబుల్ బేస్‌ని బేకరీవాళ్ల వ్యానులో కచేరీ హాలుకు పంపించి, చేతులూపుకుంటూ డ్యూటీ ఎక్కాడు. డబుల్ బేస్ అంటే మరేం కాదు, మనిషికంటే పొడుగ్గా ఉండి నిలబడి వాయించాల్సిన వయొలిన్. ఇంట్లో అది ముందుగదిలో ఓ మూల నిలబడి ఉంటుంది. డ్రైవరు భార్య దాన్ని "మీ పెద్దమ్మాయి" అంటుంది. "మీ పెద్దమ్మాయిని కాస్త పక్కకు జరపండి, ఊడ్చుకోవాలి." అంతే, అంతకుమించి దాని ఊసెత్తదు.

ఎందుకెత్తుతుంది పాపం? పదకొండేళ్ల కిందట ఊరి ఆర్కెస్ట్రా మొదటి కచేరీ జరిగింది. అప్పటికి వాయించేవాళ్లు తొమ్మిదిమందే. ఈవిడ కొత్త బట్టలు కట్టుకుని మరీ వెళ్లి, మొదటి భాగం అయిపోగానే ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది. నాలుగు భాగాలూ పూర్తయ్యేదాకా కిక్కురుమనకూడదన్నది అక్కడి పద్ధతి. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మొగుడేమో వేదికమీద ఉన్నాడు. హాలంతా తలతిప్పి చూసింది. కర్ర పట్టుకుని అందరినీ నడిపించే మాస్టారు కూడా వెనక్కి తిరిగి ఒక చూపు చూశారు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి కచేరీ ఉన్న ప్రతి శనివారమూ ఠంచనుగా అక్క ఇంటికి బయల్దేరుతుంది. అదీ మొగుడి బస్సులోనే. ఎక్కి, టికెట్ తీసుకుని, ఆ డ్రైవరెవరో ఎరగనట్టు కిటికీలోంచి బయటకు చూస్తుంది.

ఈలోగా తొమ్మిదిమంది కాస్తా నలభై ఆరుగురయ్యారు. పళ్ల డాక్టరు వయొలిన్ పట్టాడు, పోస్టాఫీసు గుమస్తా బూర అందుకున్నాడు, బేకరీ ఆవిడ రాగి డోళ్ల ముందు నిలబడింది. ఆసుపత్రి వరండాలో వాయించారు. ఫైర్ స్టేషన్‌లో వాయించారు. అక్కడ మధ్యలో గంట మోగేసరికి విన్నవాళ్లంతా ఇంజనెక్కి వెళ్లిపోయారనుకోండి, అది వేరే సంగతి. అందరూ బాగుందన్నవాళ్లే. హాలుకు రండయ్యా అంటే మాత్రం, "అదంతా పెద్దోళ్ల వ్యవహారం, మాకేం తెలుస్తుంది" అని జారుకునేవాళ్లు. చివరికి మునిసిపల్ ఆఫీసరు తేల్చి చెప్పేశాడు. ఈ కచేరీకి రెండొందలమంది వచ్చి చివరిదాకా కూర్చుంటే సరే, లేకపోతే హాలు టేబుల్ టెన్నిస్ వాళ్లకు ఇచ్చేస్తామన్నాడు.

టేబుల్ టెన్నిస్! ఆ మాట విన్నప్పట్నుంచి డ్రైవరుకు ముద్ద దిగడం లేదు.

డ్యూటీ సరిగ్గా గడియారం స్తంభం దగ్గర ముగియాలి. అక్కడ ఇంకో డ్రైవరు ఎక్కుతాడు, ఇతను దిగి ఆటోలో హాలుకు పరిగెత్తాలి. ఏర్పాటు అంతా పక్కాగా ఉంది. బెడిసికొట్టింది ఆ రోజు కచేరీలో వాయించాల్సిన మూడో భాగం దగ్గర. అందులో డబుల్ బేస్‌కి అరవై నాలుగు గడులు పనిలేదు. ఊరికే నిలబడి లెక్కపెట్టాలి. ఒకటి-రెండు-మూడు-నాలుగు అంటే ఒక గడి. రెండు-రెండు-మూడు-నాలుగు అంటే రెండోది. మూడు-రెండు-మూడు-నాలుగు, మూడోది. ఒక్క గడి తప్పినా నలభై ఆరుగురి మధ్య ఏనుగు అరిచినట్టుంటుంది. అందుకని అతను స్టీరింగు పట్టుకుని మనసులో లెక్క మొదలుపెట్టాడు.

ఎర్ర దీపానికి ఆగాడు, పచ్చ దీపానికి కదిలాడు. కాళ్లూ చేతులూ వాటి పని అవి చేసుకుపోయాయి. పదిహేడో గడిలో గడియారం స్తంభం వెనక్కి వెళ్లిపోయింది. ఎక్కాల్సిన డ్రైవరు చెయ్యి ఊపుతూ బస్సు వెంట నాలుగడుగులు పరిగెత్తాడు. ముప్పైలో కండక్టరమ్మ ఈల వేసింది. నలభైలో మళ్లీ వేసింది. "రోడ్డు తవ్వుంటారులే, చుట్టు తిప్పుతున్నాడు" అన్నాడు నల్లాలు బిగించే ప్లంబరు, ఒళ్లో పనిముట్ల సంచి సర్దుకుంటూ. అరవై నాలుగో గడి పూర్తికాగానే డ్రైవరు బేస్ మెడ పట్టుకోవడానికి ఎడమచెయ్యి చాచాడు. చేతికి గేరు రాడ్డు తగిలింది. ఎదురుగా కచేరీ హాలు గేటు!

అతని పైప్రాణాలు పైనే పోయాయి.

"అన్నా, ఇదెక్కడి స్టాపు?" అంది కండక్టరమ్మ.

"హాలు..." అన్నాడు నీళ్లు నములుతూ. "లెక్కలో పడి వచ్చేశాను."

మూడో సీట్లోంచి భార్య లేచింది. "కావాలనే చేశారు కదూ?"

"నీమీద ఒట్టు! తెలిసి చేస్తే ఇంత చక్కగా కుదురుతుందా?"

ఇంతలో ఆఫీసరు మెట్లమీదకు వచ్చాడు. చేతిలో నొక్కితే అంకె పెరిగే చిన్న మిషను. అతని వెనకే ముఖం వేలాడేసుకుని మాస్టారు. లోపల నూట యాభై రెండుమంది ఉన్నారట. కండక్టరమ్మ బస్సులో జనాన్ని ఓసారి చూసింది, తనను కూడా కలుపుకుంది. నలభై ఎనిమిది! ఇక ఆవిడ ఆగుతుందా?

"అందరూ దిగండమ్మా! ఈ డ్రైవరు లోపల వాయించి వచ్చేదాకా బస్సు కదలదు. లోపల ఏసీ ఉంది, మెత్తటి కుర్చీలున్నాయి. పిల్లల్ని ముందు దించండి!"

తిట్టుకునేవాళ్లు తిట్టుకున్నారు, నవ్వేవాళ్లు నవ్వారు, మొత్తానికి దిగారు. కిందికి దిగినవాళ్లు దిగినట్టే లోపలికి నడిచారు. డ్రైవరు భార్య కూడా కండక్టరమ్మ చెయ్యి పట్టి లాగితే వెళ్లి చివరి వరుసలో కూర్చుంది. మిషను మీద రెండొందలు పడింది. ఒక్కరు ఎక్కువ లేదు, ఒక్కరు తక్కువ లేదు.

ఖాకీ చొక్కాతోనే వేదికెక్కి బేస్ పక్కన నిలబడ్డాడు డ్రైవరు. మొదటి భాగం మొదలైంది. బేకరీ ఆవిడ డోళ్లు ఉరిమాయి, పోస్టాఫీసు బూర పలికింది, పళ్ల డాక్టరు కళ్లు మూసుకుని ఊగిపోయాడు. భాగం ముగిసింది. మాస్టారి కర్ర ఇంకా గాల్లోనే ఉంది.

ఫట్‌ఫట్‌ఫట్‌మని చప్పట్లు. ప్లంబరు!

ముందు వరుసలో ఉన్న పెద్దమనిషి వెనక్కి తిరిగి "ష్ష్!" అన్నాడు, పాలమీదకు వచ్చిన పిల్లిని అదిలించినట్టు. ప్లంబరు ముఖం కందగడ్డయింది. సంచి భుజాన వేసుకుని లేచాడు. అతని పక్కవాళ్లు కూడా సర్దుకుంటున్నారు. డ్రైవరు చూపు చివరి వరుసకు పోయింది. భార్య తలవంచుకుని చేతులు రెండూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. పదకొండేళ్ల కిందట కూడా అచ్చం అలాగే కూర్చుంది. అప్పుడతను వేదికమీద గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాడు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదతనికి.

ఈసారి ఊరుకోలేదు. అరచెయ్యి చాచి పెద్దమ్మాయి పొట్టమీద ధబధబా బాదాడు.

హాలంతా ఉలిక్కిపడింది. మాస్టారు అతనికేసి కళ్లురిమారు. అయినా బాదాడు. పళ్ల డాక్టరు కమానుతో ముందున్న స్టాండు మీద టకటకా కొట్టాడు. బేకరీ ఆవిడ డోలు అందుకుంది. నలభై ఆరుగురూ ఎవరికి తోచినట్టు వాళ్లు మోగించేశారు. మాస్టారు మెల్లగా వెనక్కి తిరిగారు. సంచితో నిలబడ్డ ప్లంబరును చూశారు, వాకిలి వైపు చూశారు. తర్వాత కర్ర చంకలో పెట్టుకుని, ప్లంబరుకేసి చూస్తూ తనూ చప్పట్లు కొట్టారు.

అంతే, కట్ట తెగింది! బస్సు జనమంతా కొట్టారు. ఆఫీసరు కూడా ఒళ్లు మరిచి కొట్టాడు, మిషను చేతిలో ఉందన్న ధ్యాసే లేకుండా. ప్లంబరు కూలబడి, సంచి కిందపెట్టి, రెండు చేతులా కొట్టాడు. చివరి వరుసలో డ్రైవరు భార్య తలెత్తింది. ఒళ్లోంచి చేతులు తీసింది.

నాలుగు భాగాలకూ నాలుగుసార్లు మోగింది హాలు. చివర్లో ఆఫీసరు చూసుకుంటే మిషను మీద మూడొందల నలభై ఏడు. నాలుక కరుచుకుని వేలు చూపిస్తూ మళ్లీ లెక్కపెట్టాడు. రెండొందలే. ఒక్కరూ కదల్లేదు. "టేబుల్ టెన్నిస్ వాళ్లకు ఇంకోచోటు చూస్తాంలెండి" అన్నాడు. మాస్టారు ఆఫీసర్ని వాటేసుకున్నారు. బేకరీ ఆవిడ ఇద్దర్నీ కలిపి వాటేసుకుంది.

తిరుగు ప్రయాణంలో బస్సు ఆగిన ప్రతి స్టాపులో దిగేవాళ్లకు లోపలివాళ్లు చప్పట్లు కొట్టారు. డిపో నుంచి ఫోన్ మీద ఫోన్. "బస్సు బాగానే ఉంది సార్, మేమే బాగాలేం" అని కండక్టరమ్మ పగలబడి నవ్వింది. రేపు డిపోలో చీవాట్లు తప్పవని డ్రైవరుకు తెలుసు. తెలిసినా పెదాలమీద నవ్వు ఆగి చావడం లేదు.

అక్క ఇంటి స్టాపు వచ్చింది. భార్య దిగలేదు. మూడో సీట్లోంచి ముందుకు వంగింది.

"ఏవండీ, ఆ రోజు నేను కొట్టింది కూడా మొదటి భాగానికే కదూ?"

"ఆ... మొదటిదానికే."

"మరి బాగున్నప్పుడే కొట్టాను కదా?"

"బాగున్నప్పుడే కొట్టావు. నేనే తోడు కొట్టలేదు."

ఆవిడ లేచి, వ్యానుకు బదులు బస్సులోనే ఎక్కించి రెండు సీట్లమీద అడ్డంగా పడుకోబెట్టిన డబుల్ బేస్ పక్కన కూర్చుని, దాని మెడను రెండు చేతులా పొదివి పట్టుకుంది.

"మలుపులో కాస్త నెమ్మదిగా పోనివ్వండి," అంది. "మన పెద్దమ్మాయి పడిపోతుంది."