లేని ఊరి ఇంజనీరు

ఇంజనీరు సీతాపతిరావు ఎర్రవాగుపల్లెకు మొదటిసారి వచ్చింది పందొమ్మిదేళ్లు ఆలస్యంగా. కాగితం ప్రకారం మాత్రం అది ఆయన సొంతూరు. హైదరాబాదు మీద పోలీసు చర్య అయిన మరుసటేడు బందరు నుంచి వచ్చి, స్థానికులకే దక్కే సర్కారు కొలువు కోసం, పదిహేనేళ్లుగా ఇక్కడివాడినేనని ముల్కీ సర్టిఫికెట్ రాయించుకున్నాడు. ఉంటున్నది ఆ ఊరి రైతు భూమన్న, ఆయన పెళ్లాం శంకరవ్వల ఇంట్లోనని పట్వారీ రాస్తే, చదవకుండానే జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితంతోనే సూపర్‌వైజరయ్యాడు, ఇంజనీరయ్యాడు. ఆదిలాబాదు జిల్లా అన్నం తింటూ, ఇక్కడివాళ్లకు తెలుగే రాదని క్లబ్బులో నవ్వేవాడు.

పదేళ్ల కిందట వాగు మీద వంతెన కావాలని ఆ ఊరివాళ్లు అర్జీ పెట్టారు. చూసి రమ్మని పంపిస్తే, బూట్లకు బురద అంటుతుందని మహానుభావుడు ఇవతలి ఒడ్డునుంచే జీపు తిప్పాడు. ‘అవతల జనావాసం లేదు, వంతెన అనవసరం’ అని రాసిపడేశాడు. అరవై గడపల ఊరది! అర్జీ అటకెక్కింది. పోయిన వానాకాలం భూమన్న జ్వరంతో, నీళ్లెప్పుడు తగ్గుతాయా అని చూస్తూ ఆ ఒడ్డునే ప్రాణం విడిచాడు. ఆ రాత ఎవరిదో ఆఫీసుల చుట్టూ తిరిగిన శంకరవ్వకు తెలుసు.

ఇప్పుడు దొంగ సర్టిఫికెట్ల మీద విచారణ వచ్చింది. పట్వారీ ఏనాడో పోయాడు. మిగిలిన సాక్షి శంకరవ్వ ఒక్కతే. అందుకని దొరగారు బూట్లు చేతబట్టుకొని, పంట్లాం మోకాళ్లదాకా మడిచి, వాగు దాటాడు.

“అమ్మగారూ,” అన్నాడు. ఈ జిల్లాలో ఏ ఆడమనిషినీ అంత మర్యాదగా పిలిచిన పాపాన పోలేదు. “రేపు తహసీల్దారు అడిగితే, నేను మీ ఇంట్లో ఉండేవాణ్ణని ఒక్క మాట చెప్పండి. లేకపోతే నా ఉద్యోగం ఊడిపోతుంది.”

శంకరవ్వకు ఒళ్లు మండింది.

“ఎట్ల జెప్పాలె సారూ? గీ ఊరే లేదని రాస్తివి గదా. లేని ఊర్లె నువ్వెట్లుంటవు? మొదలు ఊరున్నదని రాయి. ఎనుకటి రాత తప్పని గూడ రాయి.”

అప్పుడు తట్టింది ఆయనకు. ఆ ఊరివాడినన్న సర్టిఫికెట్టూ, ఆ ఊరే లేదన్న నివేదికా ఒకే బల్ల మీద పడితే గతేమిటి? గబగబా ఆమె మంచం మీద కూర్చొని అంతా రాశాడు. అరవై గడపలున్నాయనీ, తన పాత నివేదిక తప్పనీ, వంతెన వెంటనే కట్టాలనీ రాసి సంతకం పెట్టాడు. బడి పంతులు ఏలియాతో చదివించుకొని, ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

“నేనే ఇస్త ఆఫీసుల.”

“మరి రేపు చెబుతారుగా?”

“అడిగితె చెప్త.”

మరునాడు శంకరవ్వ ముందుగా ఆ కాగితాన్ని తహసీల్దారు బల్ల మీద పెట్టింది. గుమాస్తా దాని మీద ముద్ర గుద్దేదాకా కన్నార్పలేదు.

“ఈయన మీ ఇంట్ల ఎన్నేండ్లున్నడవ్వా?” అని తహసీల్దారు అడిగాడు. సీతాపతిరావు ఆమె వంక చూసి చేతులు జోడించాడు.

“ఒక్క పూట దొరా. నిన్న. అంతకు ముందల మా ఊరి మొఖం గూడ సూడలే. సూసి ఉంటె నా పెనిమిటి బతికెటోడు.”