అడుగు పొర

ఐసక్క పొద్దున్నే లాబుకి రాగానే గాలి తీసేసిన ఉక్కు డబ్బా ముందు నిలబడి, దాని గాజు కిటికీలోంచి తొంగిచూసేది. లోపల గోరంత రాతిపలక మీద మంచు, లాబులో ఆమెకి ఆ పేరొచ్చింది దానివల్లే. ఆమె ఉద్యోగంలో చేరిననాడు మొదలై, పన్నెండేళ్ళుగా పొర మీద పొర పెరుగుతోంది. నక్షత్రాల మధ్య చీకట్లో దుమ్మురేణువుల మీద పేరుకునే మంచు ఇలాంటిదేనట. మన ఫ్రిజ్‌లోదైతే కుదురుగా వరసకట్టి గడ్డవుతుంది. దీనికంత భాగ్యమెక్కడిది? డబ్బాలోని ఆ కటిక చలిలో నీటి అణువు పడ్డచోటే అతుక్కుపోతుంది, పక్కకి జరిగే సత్తువ కూడా ఉండదు. అందుకే లోపలంతా బొరియలు. దగ్గరికొచ్చిన వాయువులు వాటిలో ఇరుక్కుపోతాయి.

వాయువులతోపాటు ఆ కిటికీ ముందు ఎవరైనా మింగేసిన మాటలూ ఇరుక్కునేవి. లాబు నడిపే పెద్దసారు మీద ఒళ్ళుమండితే లాబువాళ్ళు వెళ్ళి కాసేపు అక్కడ నిలబడి వచ్చేవాళ్ళు.

ఐసక్కని రోజూ అన్నయ్యే దింపి, అన్నయ్యే తీసుకెళ్ళేవాడు. మంచివాడే. ఆ మంచితనంలోనే ఆమెకి ఊపిరాడేది కాదు. ఇంటికెళ్తే వదిన, పిల్లలు, మళ్ళీ వంటగది. కొండమీద కొత్త లాబుకి వెళ్తున్న పెద్దసారు ఆమెనీ రమ్మన్నాడు. ఆమె నోరు విప్పేలోపే అన్నయ్య, తన చెల్లెలు ఇల్లు వదిలి ఉండలేదని చెప్పేశాడు. ఆమె తలూపింది.

కొండమీదికి వెళ్ళడానికి లాబు సామాను సర్దేరోజు సాయంత్రం మంచుని మెల్లగా వేడెక్కించారు. అణువులు కదిలి వరసకట్టాయి, బొరియలు మూసుకుపోయాయి, ఇరుక్కున్నవన్నీ పంపు గొట్టంలోంచి బయటపడ్డాయి. పైపొరల్లోవి ముందు, అడుగువి వెనక. ఒకరి విసుగు, ఇంకొకరి తిట్టు, పెద్దసారు పిసినారితనం మీద నాలుగైదు రకాల అభిప్రాయాలు. ఆయన అన్నీ విని దగ్గి ఊరుకున్నాడు. అన్నయ్య గుమ్మంలో చెల్లెలి కోసం ఎదురుచూస్తున్నాడు.

అన్నిటికన్నా ఆఖర్న ఐసక్క గొంతు వచ్చింది.

"నాకు ఇంటికెళ్ళాలని లేదు."

తనది కాదని బుకాయిస్తే లాబంతా ఆమెకే వత్తాసు పలికేది. ఆమె బుకాయించలేదు.

"ఎప్పటి మాటమ్మా అది?" అన్నాడు అన్నయ్య.

"అడుగు పొరది అన్నయ్యా. నేను చేరిన కొత్తల్లోది."

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. పెద్దసారు వైపు తిరిగాడు.

"మా చెల్లెలికి చలి పడదండీ. కొండమీద తనుండే గదిలో హీటరుందా?"